అమ్మ గ్రూపు

రాయగడ
జనవరి 17, 1972

చిన్నమ్మి ఎల్లుండి వస్తోందని అమ్మకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. పొద్దున్నుంచి ఇల్లు ఇల్లులా లేదు. తలంటు పోయమంది, పెట్టెలోంచి మంచి చీర తీయమంది. తీసిస్తే అంచు వేళ్ళతో తడిమి, "ఇది కాదే పెద్దమ్మీ, సిన్నమ్మి కొన్నది తియ్" అంది. చూపు లేని మనిషికి ఎవరు కొన్న చీరో మాత్రం తెలుస్తుంది.

అమ్మ కళ్ళు పూర్తిగా పోయి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళూ అన్నం కలిపి పెడుతున్నది నేను, చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్తున్నది నేను. నా చెయ్యి పట్టుకుని నడుస్తూ ఆవిడ అడిగేది మాత్రం కోరాపుట్ అవతల సునాబెడలో కాపురం చేస్తున్న చిన్నకూతురి గురించి. అది తిన్నదా, దానికి అక్కడ చలి ఎక్కువేమో, దాని మొగుడికి ఫ్యాక్టరీలో షిఫ్టు మారిందా. నేను తిన్నానో లేదో ఎవరైనా అడిగితే ఈ డైరీలో ఎర్రసిరాతో రాసుకుంటాను.

నేను అసూయపడే మనిషిని కాను. ముందే రాసిపెట్టుకుంటున్నాను, ఎందుకంటే పైన రాసింది చదువుకుంటే నాకే అనుమానం వచ్చేలా ఉంది.

జనవరి 19

వచ్చింది. వీధిలో రిక్షా దిగుతుండగానే అమ్మ అరుగు మీద నిలబడి "సిన్నమ్మొచ్చీసింది" అంది. చెప్పుల చప్పుడుతో పోల్చిందట. నేను రోజంతా ఆవిడ చుట్టూ తిరుగుతుంటే "ఎవులది?" అంటుంది.

జనవరి 20

రైల్వే స్కూల్లో కళ్ళ క్యాంపు. పెద్ద ఆస్పత్రి నుంచి మహాంతి అనే డాక్టరు వచ్చాడు. అమ్మ కళ్ళు చూసి నీటికాసులు అన్నాడు. కంట్లో నీరు పోయే దారి సరిగ్గా లేక ఒత్తిడి పెరుగుతుందట, నొప్పి ఉండదట, పోయిన చూపు ఇక తిరిగి రాదట. ముందే పట్టుకుంటే చుక్కలమందుతో ఆపొచ్చట. తల్లికుంటే పిల్లలకి వచ్చే అవకాశం ఉంది కనక పిల్లలందరూ చూపించుకోవాలట. ఇంకా ఏవో చెప్పాడు, చూపు అంచులనుంచి పోతుందనో ఏదో. నేను సరిగా వినలేదు. అమ్మ చిన్నమ్మి భుజం మీద తల వాల్చి కూర్చుంది, నేను అటు చూస్తున్నాను.

తర్వాత మా ముగ్గురికీ రక్తం తీశారు. ఈ జబ్బున్న కుటుంబాల్లో ఏ గ్రూపు రక్తం ఎక్కువగా ఉంటుందో పరిశోధన చేస్తున్నారట. ఒక గ్రూపువాళ్ళకి ఎక్కువ వస్తుందేమోనని అనుమానమట, ఇంకా ఏమీ తేలలేదట. చిన్నమ్మి సూది చూసి మొహం తిప్పుకుంటే అమ్మ దాని కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టింది. నాకు సూది గుచ్చినప్పుడు అందరూ దాని చేతికి దూది సరిగా ఉందో లేదో చూస్తున్నారు.

జనవరి 21

మళ్ళీ క్యాంపుకెళ్ళాం. కాంపౌండరు గంగరాజు పార్వతీపురం మనిషి, మన తెలుగే. చీటీ చూసి చదివాడు. అప్పలకొండమ్మ బి. సింహాచలమ్మ బి. పద్మకుమారి ఓ. సింహాచలమ్మ అంటే చిన్నమ్మే, ఆ పేరుతో దాన్నెవరూ పిలవరు.

"అంటే ఏటి బాబూ?" అంది అమ్మ.

"మీదీ సిన్నకూతురిదీ ఒకటే రక్తమమ్మా. పెద్దావిడది వేరే."

అమ్మ నుదురు కొట్టుకుంది. చిన్నమ్మిని దగ్గరకి లాక్కుని, "నా రక్తమే దీనికొచ్చీసిందే. నా కళ్ళే దీనికిచ్చీసేనే" అని ఏడ్చింది. క్యూలో ఉన్న ఆడవాళ్ళందరూ అయ్యో అయ్యో అన్నారు. వేరే రక్తం మనిషిని నేను, పక్కన నిలబడ్డాను. నన్ను అయ్యో అనడానికేముంది?

చిన్నప్పటినుంచీ అంతే. అది అమ్మ పోలిక, నేను నాన్న పోలిక. నుదురు అమ్మది, నవ్వు అమ్మది, జుట్టు అమ్మది. ఇప్పుడు రక్తం కూడా. ఏదో ఒకటైనా నాకు మిగల్చొచ్చు కదా ఈవిడ.

డాక్టరు ఇద్దరినీ బల్లమీద పడుకోమన్నాడు, కంటిమీద ఏదో పెట్టి ఒత్తిడి చూస్తారట. ముందు చిన్నమ్మిని తీసుకెళ్ళారు. నా వంతు వచ్చేలోగా వెనక గుమ్మంలోంచి ఇంటికొచ్చేశాను. నాకెందుకు? నాది ఓ.

సాయంత్రం ఆయన ఆఫీసునుంచి వచ్చి అడిగారు. "మరదలికి ప్రెషరు ఎక్కువుందట కదా. మొదట్లోనే దొరికింది, సుక్కలేసుకుంటే పర్లేదన్నారట. మరి నీ మాటేటి?"

బాగానే ఉందన్నారని చెప్పాను. ఇది అబద్ధం కాదు. చూసుంటే ఆ మాటే అనేవాళ్ళు.

ఫిబ్రవరి 3

అమ్మ వెళ్ళిపోయింది. చిన్నమ్మి దగ్గరకి.

"దానికి నా వల్ల వచ్చింది, నేనే దగ్గరుండి సుక్కలేయించాల" అంటుంది. రెండు కళ్ళూ లేని మనిషి దగ్గరుండి వేయిస్తుందట. ఆయన నచ్చజెప్పారు. తీసుకెళ్ళడానికొచ్చిన చిన్నమ్మి మొగుడు గోవిందరావు కూడా మర్యాదకి, "వదినా, మీకు కష్టమైతే వద్దులెండి" అన్నాడు. నాకేం కష్టం? పొమ్మన్నాను.

బస్సెక్కించేటప్పుడు అమ్మ నాకేసి తిరిగి అంది, "నీకేటే, నువ్వు మీ అయ్య పోలిక. గట్టిదానివి." నాన్న రైల్వే గ్యాంగులో పనిచేశాడు. ఎండలో పట్టాలు సరిచేసి సరిచేసి, ఒక్కరోజు కూడా జ్వరమని పడుకోకుండా పోయాడు. ఆ పోలిక నాకు.

ఫిబ్రవరి 4

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. హాయిగా ఉంది.

ఫిబ్రవరి 5

హాయిగా లేదు.

మార్చి 2

పక్క క్వార్టరు గురువమ్మ నీళ్ళ బకెట్టు సరిగ్గా నా దారిలో పెట్టింది. తన్నుకుని పడ్డాను. అడిగితే "రోజూ ఇక్కడే కదమ్మా పెడతాను" అంటుంది. అమ్మ వెళ్ళిపోయినప్పటినుంచి ఈవిడకి కూడా నేనంటే అలుసైపోయింది.

ఆయన మోచేతికి పసుపు రాస్తూ, "కింద సూసుకొని నడవొచ్చు కదా" అన్నారు. చూసుకునే నడిచాను. బకెట్టు కుడిపక్కన ఉంది, అక్కడుంటుందని ఎవరనుకుంటారు?

ఈ రైల్వే క్వార్టర్ల గుమ్మాలు కూడా ఇరుకు. కుడిభుజం కమిలిపోయింది. కట్టినవాడి భార్య సన్నగా ఉండి ఉంటుంది.

మార్చి 11

సునాబెడనుంచి వచ్చిన వాళ్ళెవరో చెప్పారు. అమ్మ ఒళ్ళు చేసిందట. అక్కడి నీళ్ళు పడ్డాయట. ఇక్కడ నేనేం విషం పోశానా?

ఏప్రిల్ 9

మజ్జిగౌరమ్మ తల్లి జాతరకి అందరూ వచ్చారు. నిన్న వచ్చి ఈవేళ వెళ్ళిపోయారు. రాయాలనే లేదు.

అమ్మ గుడిదాకా చిన్నమ్మి చెయ్యి వదల్లేదు. చిన్నమ్మికి మందు పడ్డాక కంటిపాప ఆవగింజంత అయిపోయింది, సాయంత్రమైతే మసకగా ఉంటుందట. దానికి అమ్మ దారి, అమ్మకి అది దారి. గుడ్డివాళ్ళిద్దరూ ఎంత చక్కగా నడుస్తున్నారో అని గురువమ్మ మెచ్చుకుంది. వెనక నేను కొబ్బరికాయల సంచి మోసుకుంటూ నడిచాను. జనంలో నాలుగుసార్లు గుద్దుకున్నాను, ఒకడు తిట్టాడు కూడా.

దర్శనమయ్యాక చిన్నమ్మి మొహం మాడ్చుకుని కూర్చుంది. ఇంటికొచ్చాక ఆయన నన్ను లోపలికి పిలిచారు.

"ప్రసాదం సేతికిస్తే తీసుకోలేదట. రెండుసార్లు సాపిందట. నువ్వు మొహం తిప్పుకొని ఎల్లిపోయేవట. అంతమందిలో."

"నాకెక్కడిచ్చింది?"

"పక్కనే నిలబడి ఇచ్చింది. నేనూ సూసేను."

ఎంత కట్టుకథ. పక్కనే నిలబడితే నాకు కనిపించదా? ఇచ్చుంటే తీసుకోనా, అమ్మవారి ప్రసాదం. తను ఇవ్వకుండా ఇచ్చానని చెప్పి ఆయన్ని కూడా తనవైపు తిప్పుకుంది. అమ్మ అయిపోయింది, ఇప్పుడు ఆయన. ఆయన నాకు కనపడకుండా దానితో సైగలు చేస్తున్నారేమోనని కూడా అనిపించింది. ఈ మధ్య ఇంట్లో ఎవరు ఎప్పుడు పక్కకి వచ్చి నిలబడతారో తెలియడం లేదు, ఒక్కసారిగా మాట వినిపించి ఉలిక్కిపడుతున్నాను. కావాలనే అలా వస్తున్నారు.

వెళ్ళేటప్పుడు చిన్నమ్మి "ఎల్లొస్తానప్పా" అంది. అప్పా అని అక్కని పిలవడానికి సిగ్గు లేదు దానికి.

ఏప్రిల్ 10

నిజంగా ఇచ్చిందా?

ఏప్రిల్ 12

ఇవ్వలేదు.

జూన్ 6

స్నానం చేస్తుంటే సబ్బునురగ ఎడమకంట్లో పడింది. ఆ కన్ను మూసుకుని చెంబు కోసం చూశాను. చెంబు లేదు. గంగాళం లేదు. కిటికీ ఉండాల్సినచోట మసక, మధ్యలో గోడ ముక్క ఒకటి కనిపించింది. కన్ను కడుక్కుని రెండూ తెరిస్తే అన్నీ ఉన్నాయి.

వేడి. ఈ ఏడు ఎండలు మామూలుగా లేవు. మొన్న గూడ్సాఫీసు ప్యూనే కళ్ళు తిరిగి పడిపోయాడు.

జూన్ 7

మళ్ళీ మూసి చూశాను. అంతే.

చత్వారం వచ్చుంటుంది. నలభై దాటితే ఎవరికైనా వస్తుంది, కళ్ళజోడు పెట్టుకుంటే సరిపోతుంది. ఆయనకి చెప్పలేదు. చెప్తే మరదలితో పాటు నువ్వు కూడా మొదలుపెట్టావా అంటారు. అనరు, కానీ అనుకుంటారు. దాన్ని చూసి నేర్చుకున్నాననుకుంటారు. దాని జబ్బుని నేను కాపీ కొట్టానన్న మాట పడడం నా వల్ల కాదు.

అయినా నాది ఓ.

జూన్ 20

ఓ. ఓ. ఓ.

సునాబెడ
జూలై 15

అమ్మని తీసుకుపోదామని వచ్చాను. ఆయనకి సెలవు దొరికింది, ఇద్దరం వచ్చాం. అమ్మని చూడాలని ఉంది, దాపరికమెందుకు. కొండదారి ఘాటీ పొడుగునా వాన. బస్సు లక్ష్మీపూర్ దగ్గర ఆగిపోయి, టౌన్‌షిప్‌కి వచ్చేసరికి పొద్దు వాలిపోయింది. ఆయన, గోవిందరావు బయట సామాను దింపుతున్నారు. నేను ముందు లోపలికి వెళ్ళాను.

నడవ చీకటిగా ఉంది. లోపలి గదిలో మంచం మీద చిన్నమ్మి అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. అమ్మ ఒక వేలితో దాని కింది రెప్ప తడిమి కిందకి లాగింది. రెండో చేత్తో సీసా తీసుకుని, బొటనవేలు దాని చెంపకి ఆనించి, చుక్క వేసింది. సరిగ్గా కంట్లో పడింది. "మండుతందా?" అని ఊదింది. చిన్నమ్మి కళ్ళు మూసుకుని "లేదమ్మా" అంది.

రోజూ ఇదే జరుగుతోందన్నమాట. నేను అక్కడ ఖాళీ ఇంట్లో కూర్చుని, దీనికి జబ్బు వచ్చిందని జాలిపడాలి. నాకు ఆ సీసా కావాలనిపించింది. నలభై రెండేళ్ళొచ్చిన ఆడదాన్ని, ఇంకొకరి కంటిమందు చూసి కడుపు మండిపోయింది. ఇది ఎవరికి చెప్పుకుంటారు?

గోడ పట్టుకుని గుమ్మందాకా వెళ్ళాను. అమ్మ తల ఎత్తింది.

"ఎవులది, గోడ తడుంకొని వస్తన్నారు?"

"నేనేనమ్మా."

"పెద్దమ్మివా?" సీసా పక్కన పెట్టింది. తర్వాత, "ఓసారి ఎనక్కెళ్ళి మళ్ళీ రా" అంది.

"ఎందుకు?"

"రమ్మంటన్నాను."

వీధి గుమ్మందాకా వెళ్ళి మళ్ళీ వచ్చాను. అమ్మ చెవి అటు పెట్టి వింది. చిన్నమ్మి లేచి కూర్చుంది.

"కుడిసెయ్యి గోడకి రాసుకుంటూ నడుస్తున్నావు. గడప కాడ ఆగి కాలితో ఎతుకుతున్నావు. ఎన్నాళ్ళనించే?"

"చీకటిగా ఉందమ్మా. వాన."

"నాకు సీకటని సెప్తావేటే." అమ్మ మంచం అంచుకి జరిగింది. "నాకూ మొదట్లో ఇలగే అయ్యింది. మీ అయ్య బతికున్నప్పుడే. తలుపులు తగిలీవి, మనుషులు పక్కనించి ఊడిపడీవోరు. ఎవులికీ సెప్పలేదు. ఇలా రా నా కాడికి."

వెళ్ళాను. నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. అక్కడినుంచి జారి, మళ్ళీ కమిలిన కుడిభుజం దగ్గర వేలు ఆగింది.

నిజం రాస్తాను. మొదట నాకు భయం వేయలేదు. సంతోషం కలిగింది. అమ్మ నా నడక విన్నది. నా నడక అమ్మ నడకే అంది. చిన్నమ్మి పక్కన కూర్చుని చూస్తుండగా అంది. భయం ఆ తర్వాత, అన్నం దగ్గర కూర్చున్నాక వచ్చింది.

జూలై 17

టౌన్‌షిప్ ఆస్పత్రిలో చూపించారు. కన్ను మొద్దుబారే చుక్కలు వేసి, బల్లమీద పడుకోబెట్టి, చల్లగా ఒక బరువు పెట్టారు. నొప్పి లేదు. జనవరిలో రైల్వే స్కూల్లో ఉన్న బల్ల కూడా ఇలాంటిదే అయ్యుంటుంది.

కుడికన్నులో మధ్యన కొంచెం మిగిలిందట. ఎడమది సగం. మందు మొదలుపెడితే ఎడమది నిలవొచ్చు, మాటివ్వలేనన్నాడు డాక్టరు. ఇది నిన్నా మొన్నా మొదలైంది కాదు, జనవరిలో చూసుంటే కనపడేదన్నాడు.

"జనవరిలో సూసేరండి, బాగుందన్నారండి" అన్నారు ఆయన. డాక్టరు నావైపు చూశాడు. ఆయన కూడా చూశారు. నేను గోడమీద అక్షరాల పటం చూశాను.

"నా రక్తం ఓ అండి" అన్నాను చివరికి. "మా అమ్మదీ చెల్లిదీ బి."

"ఓ అయితే రాదని మీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. మహాంతి డాక్టరు చెప్పలేదు, గంగరాజు చెప్పలేదు. ఈయన కాగితం పక్కన పెట్టి ఓపిగ్గానే చెప్పాడు. గ్రూపు సంగతి డాక్టర్లు ఇంకా వెతుకుతున్న ప్రశ్న, ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా తేలుతోంది. అది చూసి కన్ను చూపించుకోవడం మానేసినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానన్నాడు.

బయటికొచ్చాక ఆయన నా కుడిపక్కకి వచ్చి నడిచారు. తిట్టుంటే బాగుండేది.

జూలై 18

అప్పుడు ప్రసాదం ఇచ్చిందన్నమాట.

జూలై 23

ఆయన రాయగడ వెళ్ళారు, నన్ను నెలరోజులు ఇక్కడే ఉండమన్నారు. చుక్కలు రోజుకి మూడుసార్లు. కనుబొమ పైన నొప్పి వస్తుంది, చిన్నమ్మి చెప్పనేలేదు ఈ సంగతి. అడిగితే, "సెప్తే అమ్మ బెంగెట్టుకుంటాదని అప్పా" అంది. నన్ను పడుకోబెట్టి అమ్మే వేస్తుంది. ముందు నాకు, తర్వాత దానికి. ముందు నాకు.

చిన్నమ్మికి ఒత్తిడి తగ్గిందట. దాని చూపు చెక్కుచెదరలేదట. డాక్టరు ఆ మాట అంటుంటే అందరూ దేవుడికి దణ్ణం పెట్టారు. నేనూ పెట్టాను. చేతులు జోడించాను కానీ లోపల ఏ దణ్ణమూ లేదు. రక్తం దానికొచ్చి, కళ్ళు నాకు పోవడమేమిటి? అది చుక్కలేసుకుని సినిమాలు చూస్తుంది, నేను గోడలు పట్టుకుంటాను. ఎవరు పంచారు ఇలా?

ఆగస్టు 2

అమ్మ నాకు పనులు నేర్పుతోంది. పొద్దున్న వంటింట్లోకి పిలిచి, కొంగుతో నా కళ్ళకి గంతలు కట్టి, "సూపు ఉండగానే సేతులు నేర్చుకోవాల. పోయేక నేర్చుకుంటే ఒళ్ళు కాలుతాది" అంది. గంజి వార్చేటప్పుడు గిన్నె మూతి ఎటుందో ఆవిరి తగిలిన పక్కని బట్టి తెలుసుకోవాలి. ఉప్పు ఎడమ, చింతపండు కుడి, ఎవరినీ జరపనివ్వకూడదు. గిన్నెలో నీళ్ళు పోస్తుంటే చప్పుడు సన్నబడినచోట ఆపాలి. ఇవన్నీ అమ్మ ఒక్కతే, ఎవరికీ చెప్పకుండా నేర్చుకుందట. నా దగ్గర మూడేళ్ళున్నప్పుడు, నాకు బరువు కాకూడదని నేను పడుకున్నాక లేచి నేర్చుకునేదట. నాకు తెలియదు.

ఆగస్టు 5

ఈవేళ బియ్యం. ఇద్దరం నేలమీద ఎదురెదురుగా కూర్చున్నాం, మధ్యలో చేట. నా కళ్ళకి కొంగు. రాయి వేలికి చల్లగా తగులుతుంది, వడ్లగింజ గరుగ్గా తగులుతుంది, సగం పొట్టున్న మెరిక ఏదో బియ్యపు గింజ ఏదో చెప్పడం మాత్రం కష్టం. అమ్మ నా వేళ్ళమీద వేళ్ళు పెట్టి తిప్పింది. తొందరపడకు అంది. నా చెయ్యి నాన్న చెయ్యిలా మోటుగా లేదని, తన చెయ్యిలాగే ఉందని అంది. అడక్కుండానే అంది.

గుమ్మం దగ్గర గాజుల చప్పుడైంది. చిన్నమ్మి. చాలాసేపట్నుంచే నిలబడి ఉందనుకుంటాను.

"నాకెప్పుడూ ఇవి నేర్పలేదేటమ్మా?" అంది. నవ్వుతున్నట్టే అంది. కానీ ఆ గొంతు నాకు కొత్త కాదు, ఇన్నాళ్ళూ అది నా గొంతు. దానికి ఉక్రోషం వచ్చింది. చిన్నమ్మికి, నన్ను చూసి. నాకు ఒళ్ళంతా తేలికైపోయింది, కొంగు కింద నవ్వుకున్నాను కూడా.

అమ్మ చేట కుదుపుతూనే ఉంది.

"నీకెందుకే సిన్నమ్మీ" అంది. "నీకు కళ్ళుంటాయి."

నేను బియ్యంలో చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చున్నాను.